‘సెట్ కాడు’ అనే తీర్పు చెల్లదు

తొండుపల్లి జంక్షన్ దగ్గర సాయంత్రం పూట టీ తాగడానికి ఆగితే ఫుట్‌బాల్ మాట చెవిన పడకుండా ఉండదు. ఒక పక్క బెంగళూరు హైవే, ఇంకో పక్క ఔటర్ రింగ్ రోడ్డు, దగ్గర్లోనే విమానాశ్రయం. కార్గోలో పనిచేసే మలయాళీ కుర్రాళ్లు, హోటళ్లలో పనిచేసే మణిపూర్, బెంగాల్ పిల్లలు, షిఫ్టు దిగిన మన క్యాబ్ డ్రైవర్లు, బార్కస్ వైపు నుంచి వచ్చే పాతబస్తీ యువకులు అందరూ ఇక్కడ కలుస్తారు. ఈ ఆటను ఇంత ప్రేమించే జనం నగరం ఈ కొసన ఉన్నారని చాలామందికి తెలియదు. వాళ్ల వాదనల్లో విషయం ఉంటుంది, వేడి ఉంటుంది. అయితే ఆ వాదనలన్నీ ఈ మధ్య ఒకే మాట దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాయి: “వాడు మంచి ప్లేయరే అన్నా, కానీ మన ఆటకు సెట్ గాడు.”

తొంభై శాతం ఈ మాట వింగర్ మీదే పడుతుంది. డిఫెండర్ తప్పు చేస్తే తప్పు చేశాడంటారు. స్ట్రైకర్ గోల్ కొట్టకపోతే ఫామ్‌లో లేడంటారు. వింగర్ నాలుగు మ్యాచ్‌లు తడబడితే మాత్రం అతని పుట్టుకే ఆ జట్టుకు పడదన్నట్టు తేల్చేస్తారు. అమ్మేయాలంటారు, బెంచి మీద కూర్చోబెట్టాలంటారు. టీవీ చర్చల్లోనూ, పత్రికల్లోనూ, టర్ఫ్ మీద ఆడే పిల్లల నోళ్లలోనూ ఇదే మాట. ఇది తప్పుడు తీర్పు అని నేను అంటున్నాను. ఆటగాడికి అన్యాయం చేసే తీర్పు. ఆటను అర్థం చేసుకోవడానికి అడ్డుపడే తీర్పు. అన్నిటికన్నా ముఖ్యంగా, హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర మొత్తం దీనికి ఎదురుసాక్ష్యం.

ముందు అవతలి వాదనను దాని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. ప్రతి జట్టుకూ ఒక పద్ధతి ఉంటుంది. కొన్ని జట్లు బంతిని తమ దగ్గరే ఉంచుకుని ఓపికగా పాస్‌లు కడతాయి. కొన్ని వెనక్కి తగ్గి, బంతి దొరకగానే పరుగు లంకించుకుంటాయి. వింగర్లలోనూ రకాలున్నారు. ఒకడు టచ్‌లైన్ పట్టుకుని పరిగెత్తి క్రాస్ వేస్తాడు, ఇంకొకడు లోపలికి కోసుకొచ్చి షాట్ కొడతాడు. పరిగెత్తేవాడికి ఖాళీ మైదానం కావాలి. పాస్‌లు కట్టే జట్టుకు ఎదురుగా ఆ ఖాళీ ఉండదు. కనుక ఇద్దరికీ పొత్తు కుదరదు. ఇదీ వాదన. వినడానికి సబబుగానే ఉంది. ఇందులో మూడు అంశాలను రుజువు లేకుండానే ఒప్పుకోమంటున్నారు: జట్టు పద్ధతి స్థిరమైనది, ఆటగాడి స్వభావం స్థిరమైనది, ఆ రెండూ కలుస్తాయో లేదో ముందే చెప్పొచ్చు. ఈ మూడూ నిలవవు.

మొదటిది జట్టు పద్ధతి. “మన ఆట” అని అభిమాని అంటున్నప్పుడు ఆ ఆట ఎవరిది? 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీనే తీసుకోండి. ఫిల్ బ్రౌన్ కింద మొదటి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్ మొదలుపెట్టి అట్టడుగున ముగించింది. ఆల్బర్ట్ రోకాను తెచ్చుకుంటే ఆయన 2020లో బార్సిలోనాకు వెళ్లిపోయారు. తర్వాత మనోలో మార్కెజ్ వచ్చి మూడేళ్లు నిలిచారు. ఆ తర్వాత కానర్ నెస్టర్, తంగ్‌బోయ్ సింగ్తో, షమీల్ చెంబకత్. ఆరు సీజన్లలో ఇంతమంది మారితే అందులో ‘మన ఆట’ ఏది? అభిమానుల మనసులో ఉన్నది మనోలో ఆట. ముందుకెళ్లి ఒత్తిడి పెట్టడం, ఫుల్‌బ్యాక్‌లు రెక్కల్లా పైకి రావడం, కుర్రాళ్లను నమ్మడం. అది ఒక మనిషి తన దగ్గరున్న ఆటగాళ్లను చూసి కట్టిన ఆట. ఆయన వెళ్లాక, డబ్బు కష్టాల్లో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక, 2023–24లో అదే చొక్కా వేసుకున్న జట్టు మళ్లీ అట్టడుగుకు చేరింది. క్లబ్బు గోడల్లో పద్ధతి ఇంకిపోయి ఉండదు. కోచ్‌తో వస్తుంది, ఆటగాళ్లతో నిలుస్తుంది, వాళ్లతోనే పోతుంది. కోచ్ మారిన ప్రతిసారీ మారేదాన్ని కొలబద్ద చేసి, ఐదేళ్ల ఒప్పందం మీదున్న కుర్రాణ్ని పనికిరాడని ఎలా తేలుస్తాం?

రెండోది ఆటగాడి స్వభావం. ఇక్కడ మన నేల మీద పుట్టిన సాక్ష్యమే చాలు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం పేదింటి బిడ్డ. ఆయనను చేరదీసి తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా టీచరు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిపించిన కోచ్. భారత జట్టులో కుడివైపు పీకే బెనర్జీ, మధ్యలో చునీ గోస్వామి ఉండగా రహీం బలరాంను ఎడమవైపు ఆడించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద బలరాం గోల్స్ కొట్టారు. అదే బలరాం 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికన్నా ముందు నిలిచారు. దేశానికి వింగ్ మీద, క్లబ్బుకు గోల్ ముందు. ఇప్పటి మన కొలతలతో ఆయనను చూస్తే ఏమంటాం? ‘నిఖార్సైన వింగర్ కాదు, నిఖార్సైన స్ట్రైకర్ కూడా కాదు, ఎక్కడా సెట్ కాడు’ అనేవాళ్లం. భారత ఫుట్‌బాల్ కన్న గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకరిని ఆ ఒక్క మాటతో పోగొట్టుకునేవాళ్లం.

రహీం అక్కడితో ఆగలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక ఆడించడం కష్టం. రహీం అతన్ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఇంకో గోల్ జర్నైల్‌వే. పీకే మొదటిది, జర్నైల్ రెండోది కొట్టగా భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. అంతకుముందు గ్రూపు మ్యాచ్‌లో ఇదే కొరియా చేతిలో 0–2తో ఓడిన జట్టు అది. ప్రత్యర్థి మారలేదు, ఆటగాళ్లూ దాదాపు వాళ్లే. ఎవరు ఎక్కడ నిలబడాలన్న కోచ్ ఆలోచన మారింది. ఒక డిఫెండర్ వారం తిరక్కుండా ఆసియా ఫైనల్లో గోల్ కొట్టే ఫార్వర్డ్ కాగలిగితే, ఒక వింగర్ కాస్త లోపలికి జరిగి ఆడలేడని ఏ ధైర్యంతో అంటున్నాం?

అది పాత కాలం, ఇప్పుడు ఆట మారిపోయిందని అనేవాళ్లున్నారు. సరే, మన గచ్చిబౌలికే రండి. నిఖిల్ పూజారి వింగర్‌గా హైదరాబాద్‌కు వచ్చాడు. కుడి ఫుల్‌బ్యాక్ ఆశిష్ రాయ్ వెళ్లిపోయాక మనోలో ఆ చోటును నిఖిల్‌తో నింపారు. వింగర్‌గా సగటు ఆటగాడని చాలామంది పెదవి విరిచిన కుర్రాడు ఫుల్‌బ్యాక్‌గా భారత జట్టుకు ఆడాడు. ఇంకా దూరం వెళ్తారా? 2025 డిసెంబరు 13న మెస్సీ మన శంషాబాద్‌లోనే విమానం దిగాడు. ఉప్పల్‌లో అతన్ని చూడటానికి నగరం ఎగబడింది. అదే మెస్సీ బార్సిలోనాలో కుడి వింగర్‌గా ఎదిగినవాడు. 2009 మే 2న రియల్ మాడ్రిడ్ మైదానంలో గార్డియోలా అతన్ని మధ్యకు తెచ్చి, సెంటర్ ఫార్వర్డ్ ఎటోను కుడివైపుకు పంపారు. బార్సిలోనా 6–2తో గెలిచింది. ‘వింగర్‌కు మధ్యలో పనేంటి’ అని ఆ రోజు కోచ్ అనుకుని ఉంటే మనం ఆరాధించే మెస్సీ ఇంకోలా ఉండేవాడు.

మూడోది జోస్యం. పెళ్లికి ముందు జాతకాలు చూసినట్టు, ఆటగాడి లక్షణాలూ జట్టు లక్షణాలూ పక్కపక్కన పెట్టి పొంతన చూస్తే సరిపోతుందన్న నమ్మకం. ఇది ఎంత బోలు నమ్మకమో ఇద్దరు వింగర్లు చూపిస్తారు. బ్రెజిల్ వింగర్ ఆంటోనీని మాంచెస్టర్ యునైటెడ్ 2022లో కొన్నది. కొత్త కోచ్ టెన్ హాగ్ అంతకుముందు అయాక్స్‌లో అతన్ని ఆడించినవాడే. కోచ్‌కు ఆటగాడు తెలుసు, ఆటగాడికి పద్ధతి తెలుసు. ఇంతకన్నా పొంతన ఎక్కడ దొరుకుతుంది? ఎనిమిది కోట్ల పౌండ్లు దాటిన ఆ కొనుగోలు తేలిపోయింది. 2025 జనవరిలో అతన్ని స్పెయిన్‌లోని రియల్ బెటిస్‌కు అరువిచ్చారు. ముక్కూముఖం తెలియని కోచ్ పెలెగ్రినీ దగ్గర ఆంటోనీ మళ్లీ ప్రాణం పోసుకున్నాడు, ఆ క్లబ్బు ఆ మే నెలలోనే కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్‌కు చేరింది. దీనికి సరిగ్గా ఎదురుగా జాక్ గ్రీలిష్. 2021లో పది కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ సిటీకి వెళ్లినప్పుడు, ఆస్టన్ విల్లాలో తన ఇష్టం వచ్చినట్టు డ్రిబుల్ చేసినవాడు గార్డియోలా క్రమశిక్షణలో ఇమడలేడని అందరూ అన్నారు. మొదటి ఏడాది ఆ మాట నిజమే అనిపించింది. రెండో ఏడాది, 2022–23లో, సిటీ మూడు పెద్ద టైటిళ్లూ గెలిచినప్పుడు ఎడమ వింగ్ మీద ఉన్నది అతనే. కుదురుతుందన్నది కుదరలేదు, కుదరదన్నది కుదిరింది. జోస్యం చెప్పినవాళ్లెవరూ తమ లెక్క తప్పిందని ఒప్పుకోలేదు. తర్వాతి వింగర్ మీద అదే లెక్క కడుతున్నారు.

అయితే వింగర్ ఆట దేనిమీద ఆధారపడుతుంది? ఎక్కువగా పక్కవాళ్ల మీద. ఒక్క క్షణాన్ని దగ్గరగా చూద్దాం. ఎడమ టచ్‌లైన్ దగ్గర కుడికాలి వింగర్‌కు బంతి అందింది. ఎదురుగా ప్రత్యర్థి కుడి ఫుల్‌బ్యాక్. మన వింగర్‌కు ఇష్టం లోపలికి తిరిగి షాట్ కొట్టడం. ఆ సంగతి ప్రత్యర్థికీ తెలుసు, అందుకే లోపలి దారి మూసి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు వెనక నుంచి మన ఎడమ ఫుల్‌బ్యాక్ వింగర్‌ను దాటుకుని బయటి వైపు దూసుకెళ్తే ప్రత్యర్థికి రెండు దారులు కాపాడాల్సి వస్తుంది. అతను అర అడుగు బయటికి జరిగాడా, వింగర్‌కు లోపలి దారి తెరుచుకున్నట్టే. జరగలేదా, ఫుల్‌బ్యాక్‌కు పాస్ ఇస్తే క్రాస్ సిద్ధం. ఇప్పుడు ఆ ఫుల్‌బ్యాక్ పరుగు తీసేయండి. వింగర్ అదే మనిషి, అదే కాలు, అదే నైపుణ్యం. ఎదురుగా ఒకడు, సాయానికి వచ్చిన మిడ్‌ఫీల్డర్ ఇంకొకడు. బంతి పోతుంది. స్టాండ్స్‌లో ఎవరో అంటారు: “చెప్పిన గదా, వీడు సెట్ గాడు.” పరుగు తీయనివాడు ఫుల్‌బ్యాక్, నింద మోసేవాడు వింగర్.

2020–21లో మన జట్టు ఎడమవైపు జరిగింది సరిగ్గా మొదటి రకమే. ఆకాశ్ మిశ్రా ఎడమ ఫుల్‌బ్యాక్‌గా అలసట లేకుండా పైకి పరుగెత్తేవాడు. ముందు హాలీచరణ్ నర్జారీ, లిస్టన్ కొలాసో. మిడ్‌ఫీల్డ్‌లో వెనక కాపలా కాసేందుకు జోవావో విక్టర్ ఉండబట్టే ఆకాశ్ ధైర్యంగా ముందుకెళ్లేవాడు. వింగర్ ‘సెట్’ కావాలంటే ఇన్ని కాళ్లు కదలాలి.

ఇంకొక సంగతి. ఆ సీజనూ, టైటిల్ గెలిచిన 2021–22 సీజనూ కోవిడ్ వల్ల మొత్తం గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ అభిమాని ఆ జట్టును చూసింది దాదాపుగా టీవీలోనే. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. వింగర్ పనిలో సగానికి పైగా బంతి లేనప్పుడే జరుగుతుంది. బంతి కుడివైపు ఉన్నప్పుడు ఎడమ వింగర్ టచ్‌లైన్‌కు అంటుకుని నిలబడి ఒక డిఫెండర్‌ను తన దగ్గరే కట్టేస్తాడు. ఆ డిఫెండర్ మధ్యలోకి రాలేకపోవడం వల్ల ఆ చోట స్ట్రైకర్ ఓగ్బెచేకు ఖాళీ దొరుకుతుంది. ఓగ్బెచే 2021–22లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలుచుకున్నాడు. ఆ ఖాళీలు ఇచ్చిన వింగర్లు తెర మీద కనపడలేదు, లెక్కల్లోనూ కనపడలేదు. కనపడని పనికి విలువ లేదనుకుని, గోల్స్, అసిస్ట్‌లు మాత్రమే చూసి ‘సెట్ కాడు’ అనడం సగం పుస్తకం చదివి సమీక్ష రాయడమే.

ఇక్కడ చాలామంది లిస్టన్ సంగతి ఎత్తుతారు. అది ఎత్తవలసిన ప్రశ్నే. గోవా కుర్రాడు, కుడికాలితో ఎడమ నుంచి లోపలికి కోసుకొచ్చే ఆట. హైదరాబాద్‌లో తరచూ ఆలస్యంగా దిగేవాడు. నార్త్‌ఈస్ట్ యునైటెడ్ మీద చివర్లో దిగి రెండు గోల్స్ కొట్టిన మ్యాచ్ అభిమానులకు ఇంకా గుర్తే. 2021లో దాదాపు కోటి రూపాయలకు ఏటీకే మోహన్‌బగాన్‌కు వెళ్లాడని పత్రికలు రాశాయి. అక్కడ మొదటి సీజన్‌లోనే 8 గోల్స్ కొట్టాడు. ఇటు హైదరాబాద్ అతను లేకుండానే ఆ ఏడాది టైటిల్ గెలిచింది. పైగా సెమీఫైనల్లో లిస్టన్ ఉన్న జట్టునే రెండు మ్యాచ్‌లు కలిపి 3–2తో దాటింది. “చూశావా, అతను మనకు సెట్ కాడని రుజువైంది కదా!” అంటారు.

ఏం రుజువైంది? అతను ఉన్న 2020–21లో జట్టు అట్టడుగు నుంచి ఐదో స్థానానికి లేచింది, పన్నెండు మ్యాచ్‌లు వరుసగా ఓడకుండా ఆడింది. అతను వెళ్లాక ఇంకా పైకి వెళ్లింది. అతనూ పైకి వెళ్లాడు. ఇద్దరూ బాగుపడిన చోట ఎవరికి ఎవరు పడలేదని తేల్చగలం? ఇంకాస్త ముందుకు చూడండి. మరుసటి సీజన్‌లో అదే కోల్‌కతా జట్టులో లిస్టన్ గోల్స్ బాగా తగ్గిపోయాయి. జట్టు మాత్రం ఐఎస్‌ఎల్ ట్రోఫీ ఎత్తింది. ఒక ఏడాది ‘సెట్’ అయిన మనిషి మరుసటి ఏడాది అదే చొక్కాలో ‘సెట్’ కాకుండా పోయాడా? ఆటగాడికి ఫామ్ ఉంటుంది, వయసు ఉంటుంది, గాయాలుంటాయి, ప్రత్యర్థులు అతని ఎత్తుగడ పసిగట్టడం ఉంటుంది. వీటన్నిటినీ చుట్టచుట్టి ఒక్క మాటలో పారేస్తున్నాం.

నర్జారీ సంగతి ఇంకా చెప్పాలి. గోల్స్ తక్కువ, చివరి పాస్ బాగుండదు అని అతని మీద ఎన్ని మాటలో! 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్. ఎదురుగా అతని పాత క్లబ్బు కేరళ బ్లాస్టర్స్, స్టేడియం నిండా పసుపు చొక్కాలు. రాహుల్ కేపీ గోల్‌తో వెనకబడ్డ మనవాళ్లను 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ నిలబెట్టింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. గెలుపు పెనాల్టీ కొట్టింది హాలీచరణ్ నర్జారీ. పెనాల్టీ ఒక్కటే వింగర్ విలువకు కొలత అని నేను అనను. కానీ మనోలో రెండేళ్లుగా అతన్ని ఎందుకు నమ్ముతూ వచ్చారో అడగకుండానే అతన్ని కొట్టిపారేసినవాళ్లు ఆ రాత్రి తర్వాతైనా తమ కొలతను సరిచూసుకోవాలి.

నిజమైన పొసగనితనం ఎక్కడా ఉండదని నేను అనడం లేదు. ఉంటుంది. కోచ్ ముగ్గురు డిఫెండర్ల పద్ధతి పెట్టి, టచ్‌లైన్ మొత్తాన్ని వింగ్‌బ్యాక్‌లకు అప్పగిస్తే వింగర్‌కు చోటే ఉండదు. మాంచెస్టర్ యునైటెడ్‌కు కోచ్‌గా అమోరిమ్ వచ్చాక వింగర్ గర్నాచోకు అదే జరిగింది. 2025 ఆగస్టులో అతను చెల్సీకి వెళ్లిపోయాడు. కానీ అక్కడ కూడా మాట సరిగ్గా అనాలి. జట్టులో ఆ చోటును తీసేసింది కోచ్. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వాదించదగ్గ విషయం, వాదించండి. లేని చోట ఇమడలేదని ఆటగాణ్ని తప్పు పట్టడం న్యాయం కాదు. కోచ్‌ను నిలదీయాల్సిన ప్రశ్నను ఇరవై ఏళ్ల కుర్రాడి నెత్తిన రుద్దడం తేలిక కాబట్టే ఈ మాట ఇంత చెల్లుబాటు అయింది. క్లబ్బు యాజమాన్యాలకూ ఇది హాయి. కొన్నవాళ్ల తప్పు, నేర్పనివాళ్ల తప్పు, ఓపిక పట్టనివాళ్ల తప్పు ఎవరూ అడగరు.

ఈ మాట పెద్ద క్లబ్బుల దగ్గరే ఆగితే నేను ఇంత రాసేవాణ్ని కాదు. అది మన మైదానాల్లోకి దిగింది. పదేళ్ల పిల్లవాడు సన్నగా, వేగంగా ఉంటే ‘నువ్వు వింగర్‌వి’ అని ఒక మూల నిలబెడుతున్నారు. వీడియో గేమ్ కార్డు మీద రాసినట్టు పిల్లల మీద పొజిషన్ రాసేస్తున్నారు. రెండేళ్ల తర్వాత వాడు పొడుగు పెరిగి వేగం తగ్గితే ‘సెట్ కాడు’ అని పంపేస్తున్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యను చూడండి. వింగ్ మీద పరుగుతో పేరు తెచ్చుకున్న ఆ అమ్మాయి గోకులం కేరళకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది, 2024–25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా నిలిచింది. ఊరు మారింది, భాష మారింది, కోచ్ మారారు, పద్ధతి మారింది. ఇమడలేవని ముందే ముద్ర వేసి ఉంటే ఆమె మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేది. ఇంకెంతమంది అలా ఆగిపోతున్నారో మనం ఆలోచించాలి.

పైగా ఇప్పుడు మన పరిస్థితి ఏమిటి? ఐఎస్‌ఎల్ టైటిల్ గెలిచిన మన క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఔటర్ ఎక్కి గచ్చిబౌలి వెళ్లి చూసుకునే ఐఎస్‌ఎల్ జట్టు ఈ రోజు హైదరాబాద్‌కు లేదు. రహీం నగరానికి, బలరాం నగరానికి ఇది చిన్న దెబ్బ కాదు. మళ్లీ ఒక జట్టు రావాలంటే, ఉన్న ఆటగాళ్లు నిలవాలంటే, కావలసింది ఆటగాళ్లను ఏరిపారేసే అభిమానులు కాదు, ఎదిగేదాకా ఓపిక పట్టే అభిమానులు. రహీం ఇచ్చింది ఆ ఓపికే. మనోలో ఇచ్చిందీ అదే. మన నగరానికి వచ్చిన రెండు గొప్ప కాలాలూ దాని ఫలమే.

కనుక తొండుపల్లి నుంచి, బార్కస్ నుంచి, ఈ ఆటను ప్రాణంగా చూసుకునే ప్రతి గల్లీ నుంచి మాట్లాడే తమ్ముళ్లకూ అక్కచెల్లెళ్లకూ నా విన్నపం ఒక్కటే. ఈసారి ఏ వింగర్ గురించైనా ‘సెట్ కాడు’ అనబోయే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. అతని వెనక ఫుల్‌బ్యాక్ ఎవరు, పైకి వస్తున్నాడా? బంతి అతనికి కాళ్ల దగ్గర అందుతోందా, పరుగు ముందు అందుతోందా? కోచ్ అతన్ని ఏం చేయమంటున్నాడు? అతనికి ఎన్ని మ్యాచ్‌లు వరుసగా దొరికాయి? మ్యాచ్ ఉన్న రోజు దగ్గర్లోని మైదానానికి వెళ్లండి. ఒక సగం ఆట బంతిని వదిలేసి వింగర్‌నే చూడండి. ఆ తర్వాత కూడా అతను బాగా ఆడలేదనిపిస్తే, బాగా ఆడలేదని అనండి. అది అభిమాని హక్కు. పనికిరాడని అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు.